విమానం దించేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీల్లో కంట్రోల్ వాల్వులు, ప్రెషర్ గేజీల మధ్య గడిచింది. వాటి గురించి మొదలుపెడితే భోజనాల గంట కొట్టకముందే హాలు ఖాళీ అవుతుంది. అందుకని రెండేళ్లుగా సాయంత్రాలు నేను చేస్తున్న మరో పని గురించి చెబుతాను. కంప్యూటర్‌లో చిన్న విమానాన్ని మెత్తగా నేలకు దించడం నేర్చుకుంటున్నాను. మా ఇంట్లో రాత్రి ఎనిమిదయ్యేసరికి వంటింట్లోంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "మీ విమానం దిగిందా? అన్నం వడ్డించనా?"

దీన్ని ఆట అనుకుంటారు. నిజానికి ఇది పుట్టింది ఒక వాయిద్యాల కర్మాగారంలో. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ అనే ఊళ్లో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఉండేవాడు. వాళ్ల నాన్నది పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం. ఆర్గన్ అంటే గాలి తిత్తులతో పలికేది, మన హార్మోనియానికి పెద్దన్న లాంటిది. ఆ తిత్తులనే వాడి 1929లో ఆయన ఒక చిన్న విమానం బొమ్మను తయారుచేశాడు. అందులో కూర్చుని కర్ర కదిపితే బొమ్మ ఆ పక్కకు ఒరుగుతుంది. మొదట్లో దాన్ని వినోదశాలల వాళ్లు కొన్నారు. 1934లో అమెరికా సైన్యానికి ఉత్తరాలు మోసే పని అప్పగించారు. మబ్బుల్లో, మంచులో ఎగరడం అలవాటు లేక చాలామంది పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ దగ్గర ఆరు యంత్రాలు కొన్నది. ప్రాణం పోకుండా తప్పు చేసి నేర్చుకోవడానికి ఒక చోటు కావాలని అంతమంది పోయాక గాని తెలియలేదు.

తరవాత అది కంప్యూటర్లలోకి వచ్చింది. 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటి కూర్పు వచ్చినప్పుడు తెరమీద నాలుగు గీతలు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు మన ఊరి చెరువు కూడా కనబడుతుంది.

నేను నడిపేది సెస్నా 172. ఒకటే ఇంజను, నాలుగు సీట్లు, రెక్కలు నెత్తిమీద ఉంటాయి. 1956లో అమ్మకానికి వచ్చింది. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. లోకంలో చాలామంది పైలట్లు మొదట దిగడం నేర్చుకున్నది దీనిమీదే. నేను దిగే చోటు హైదరాబాద్‌లో బేగంపేట. 2008లో శంషాబాద్ వచ్చేవరకు మనమందరం ఎక్కిన, దిగిన విమానాశ్రయం అదే. అక్కడి రన్‌వేకి ఒక కొస 09, రెండో కొస 27. దిక్సూచిలో 90 డిగ్రీలు, 270 డిగ్రీలు అన్నమాట, చివరి సున్నా తీసేస్తారు. నేను తూర్పు నుంచి వచ్చి 27 మీద దిగుతాను. ముక్కు కింద సికింద్రాబాద్ ఇళ్లు, ఎడమచేతి వైపు హుస్సేన్ సాగర్.

ఇప్పుడు అసలు సంగతి. మెత్తగా దిగడం అంటే నేల దగ్గర చేసే ఏదో చేతివాటం అని అందరూ అనుకుంటారు. కాదు. నేల తాకడానికి నిమిషంన్నర ముందే చాలావరకు తేలిపోతుంది. మిగిలిన కాస్తా చేతిలో కంటే కంటిలో ఉంది.

ముందు దారి సంగతి. విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో దిగుతుంది. పదో తరగతి పిల్లలు టాన్ 3 ఎంతో పట్టికలో చూడండి. 0.0524. అంటే 19 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు కిందికి. కిలోమీటరు దూరంలో ఉంటే 52 మీటర్ల ఎత్తులో ఉండాలి, 3 కిలోమీటర్ల దూరంలో 157 మీటర్లు. "ఈ టాన్ తీటాలు మాకెందుకు సార్" అని లెక్కల మాస్టారిని అడిగే పిల్లలకు ఇదొక జవాబు.

తరవాత వేగం. ఈ విమానం దిగేటప్పుడు 65 నాట్ల వేగం ఉంచుకోవాలి, అంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లు. "పది నాట్లు ఎక్కువుంటే ఏం పోయింది, నెమ్మది కంటే జోరే క్షేమం కదా" అనిపిస్తుంది. ఫిజిక్స్ క్లాసులో చెప్పిన గతిశక్తి సూత్రం గుర్తు తెచ్చుకోండి. శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 75ని 65తో భాగించి వర్గం చేస్తే 1.33. పది నాట్లు పెరిగితే మోసుకొచ్చే శక్తి మూడోవంతు పెరిగింది. అది ఎక్కడో ఖర్చవ్వాలి. నేలకు రెక్కల పొడవంత ఎత్తు లోపలికి వచ్చాక, అంటే ఈ విమానానికి 11 మీటర్లు, గాలి నిరోధం తగ్గుతుంది. అందుకని ఆ అదనపు శక్తితో విమానం దిగనంటూ రన్‌వే పొడుగునా తేలుతూ పోతుంది. విసుగొచ్చి ముక్కు కిందికి తోస్తే ముందు చక్రం నేలకు కొట్టుకుంటుంది, విమానం పైకెగురుతుంది. మళ్లీ తోస్తే మళ్లీ ఎగురుతుంది. కొత్తవాళ్లందరి కథా ఇదే. ఆ గెంతుడు మొదలైంది నేల దగ్గర కాదు, మూడు కిలోమీటర్ల అవతల వేగం పట్టించుకోనప్పుడు.

వేగాన్ని, ఎత్తును సరిచేసే పద్ధతిలో మాత్రం నా ఉద్యోగం పనికొచ్చింది. ఫ్యాక్టరీలో వాల్వు తిప్పగానే ప్రెషర్ మారదు, కాస్త ఆగాలి. ఆగలేక ఇంకా తిప్పినవాడు తరవాత అంతా వెనక్కి తిప్పాలి. అలా అటూ ఇటూ ఊగిసలాట మొదలవుతుంది. విమానమూ అంతే. థ్రాటిల్ కాస్త తగ్గించాలి, రెండు మూడు సెకన్లు ఆగాలి, ఏమైందో చూడాలి. అప్పుడు గాని రెండో దిద్దుబాటు లేదు.

ఇక కన్ను. ఇది చెప్పడానికే ఈ మాటలన్నీ.

పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే పక్కన నాలుగు దీపాలు వరసగా ఉంటాయి. సరైన వాలులో వస్తుంటే రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనబడతాయి. మరీ ఎత్తులో ఉంటే నాలుగూ తెలుపు. మరీ కిందికి వచ్చేస్తే నాలుగూ ఎరుపు. చాలా తెలివైన ఏర్పాటు. కాని నాకు పనికిరాదు.

నాకు పుట్టుకతోనే ఎరుపు సరిగ్గా కనబడదు. మీకు మండుతున్నట్టుండే ఎరుపు నాకు మసగ్గా ఉంటుంది. నాలుగు దీపాల్లో రెండు మసక, రెండు వెలుగు అయితే పోల్చుకుని చెప్పగలను. నాలుగూ ఒకేలా ఉంటే? పోల్చుకోవడానికి పక్కన ఇంకో రంగు లేదు. అవన్నీ తెలుపా, అన్నీ ఎరుపా? ఒకటి "బాగా పైన ఉన్నావు" అని, రెండోది "ఇళ్లమీద పడబోతున్నావు" అని. రెండూ పూర్తిగా వ్యతిరేకమైన మాటలు. ఇంటర్ తరవాత విమానం నడిపే ఉద్యోగానికి వెళ్దామనుకున్నాను. వైద్యపరీక్షలో రంగు చుక్కల్లో అంకెలు దాగి ఉన్న పుస్తకం చూపించారు. జపాన్ డాక్టరు ఇషిహార 1917లో అచ్చువేసిన పరీక్ష అది. నాకు సగం పేజీల్లో చుక్కలు తప్ప అంకెలు కనబడలేదు. వద్దన్నారు. ఆ నాలుగు దీపాల సంగతి తెలిశాక, వాళ్లు అన్నది సబబేనని ఇప్పుడు నేనే ఒప్పుకుంటాను. వెనక సీట్లో నలుగురి ప్రాణాలుంటాయి.

మరి రంగు లేకుండా దిగడం ఎలా? దారి ఉంది. రన్‌వే మీద తెల్లరంగుతో రాసిన 27 అనే అంకెను చూస్తూ రండి. అద్దంలో ఆ అంకె పైకి జరుగుతుంటే, మీరు దానికి ఇవతలే నేల తాకుతారు. కిందికి జరుగుతుంటే, దాన్ని దాటి పోతారు. పైకీ కిందికీ జరక్కుండా అద్దంలో ఒకేచోట నిలబడి, పెద్దదవుతూ వస్తున్న చోటు ఏదో, విమానం వెళ్తున్నది అక్కడికే. మన ఊళ్లో సైకిళ్లు తొక్కినవాళ్లకు ఇది తెలిసిందే. అడ్డరోడ్డు మీంచి వచ్చే సైకిలు మీ చూపులో ముందుకో వెనక్కో జరుగుతుంటే భయం లేదు. అదే కోణంలో నిలిచి పెద్దదవుతుంటే బ్రేకు వేయండి, గుద్దుకోబోతున్నారు. అక్కడ తప్పించుకోవడానికి వాడేది, ఇక్కడ చేరుకోవడానికి వాడతాం.

రెండో గుర్తు రన్‌వే ఆకారం. దూరం నుంచి అది కింద వెడల్పు, పైన సన్నం ఉన్న పలకలా కనబడుతుంది. మరీ ఎత్తులో ఉంటే ఆ పలక నిలువుగా సాగుతుంది. కిందికి వస్తే నలిగి పొట్టిదవుతుంది. సరైన వాలులో దాని ఆకారం ఒకటుంటుంది, అది కంటికి పట్టాలి. పది రోజులు చూస్తే పడుతుంది.

నిజానికి ఈ పని మన బడిలో నేను ముందే నేర్చుకున్నాను. అట్లాసులో అడవుల ఆకుపచ్చ, పీఠభూముల గోధుమరంగు నాకు ఒకేలా ఉండేవి. దానికొక పేరుందని నాకూ తెలియదు, ఇంట్లోనూ తెలియదు. సోషల్ మాస్టారు కనిపెట్టారు. నలుగురి ముందు ఏమీ అనలేదు. మ్యాపు ముందు నిలబెట్టి, "రంగులు వదిలెయ్‌రా. నది పట్టుకుని పో. గోదావరి ఎక్కడ వంపు తిరిగిందో చూడు, కొండలు దాని పక్కనే ఉంటాయి" అన్నారు. ఆ ఏడాదంతా నాకు మ్యాపు ప్రశ్నలు గీతల మీదే చెప్పారు. ఒక దారి మూసుకుపోయిన పిల్లవాడికి ఇంకో దారి చూపించడం పాఠంలో భాగమేనని ఆయన ఉద్దేశం.

ఇక చివరి పది సెకన్లు. నేలకు 15, 20 అడుగులు, అంటే మామూలు డాబా ఇంటి పిట్టగోడంత ఎత్తుకు వచ్చాక థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ముక్కు మెల్లగా ఎత్తి విమానాన్ని నేలకు సమాంతరంగా తేవాలి. సరిగ్గా అప్పుడే చూపు మార్చాలి. ఇంతసేపూ చూసిన 27 అంకెను వదిలేసి, రన్‌వే అవతలి కొస చూడాలి. ముక్కు ముందున్న నేలను చూస్తూ ఉంటే అది కళ్లముందు జలజలా పారిపోతుంది, ఎత్తు తెలియదు. అవతలి కొస చూస్తే రెండు పక్కల అంచులూ కంటి చివర్లో పైకి లేస్తూ విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడమే ఎత్తు చెబుతుంది. సీటు అందని వయసులో గొట్టం కిందినుంచి కాలు పెట్టి సైకిలు తొక్కిన రోజుల్లో, వెనక పట్టుకుని పరిగెత్తిన అన్నయ్యలందరూ అరిచిన మాట ఇదే: "చక్రం కేసి చూడకురా, దూరంగా చూడు!"

అక్కణ్నుంచి విమానాన్ని దించకూడదు. వినడానికి వింతగా ఉంటుంది. నేలకు రెండు మూడు అడుగుల పైన, అది కిందికి జారబోతున్న కొద్దీ కర్ర కాస్త కాస్త వెనక్కి లాగుతూ, దిగనివ్వనని పట్టుకోవాలి. వేగం తగ్గుతూ వస్తుంది. ఎడమ రెక్క అంచున గాలి పీల్చుకుని పలికే ఒక రీడు ఉంటుంది, హార్మోనియంలో ఉండేలాంటిదే. ఎత్తుబలం అయిపోవస్తోందని అది కూతపెడుతుంది. ఆ కూత వినబడే వేళకి వెనక చక్రాలు రెండూ నేలకు ఆనాలి, ముందు చక్రం ఆ తరవాత తనంతట తాను వాలాలి.

మెత్తదనాన్ని లెక్క కట్టి చూశాను. ముక్కు ఎత్తకుండా 3 డిగ్రీల వాలులో అలాగే వచ్చి తాకితే, కిందికి వేగం సెకనుకు 1.75 మీటర్లు. ఒక వస్తువును 16 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేల తాకేటప్పుడు ఉండే వేగం అది. సరిగ్గా పట్టుకుని దించితే సెకనుకు అర మీటరు, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు ఎత్తు నుంచి వదిలినట్టు. టన్ను బరువున్న యంత్రాన్ని కిలోమీటర్ల ఎత్తు నుంచి తెచ్చి, చివరికి వేలెడు ఎత్తు కూడా లేని చోటి నుంచి నేల మీద పెట్టడం. అందులో ఉన్న తృప్తి మా ఆవిడకు ఇంకా అర్థం కాలేదు, మీకు కొంచెం అర్థమైందనుకుంటాను.

పక్కగాలి వీస్తే? గోదావరి రేవులో పడవవాళ్లను చూడండి. ఎదురుగా ఉన్న రేవుకు పోవాలంటే పడవ ముక్కు ఎగువకు పెడతారు. నీరు దిగువకు తోస్తుంది, పడవ తిన్నగా పోతుంది. విమానం ముక్కు కూడా గాలి వచ్చే వైపు అలాగే పెట్టి రావాలి. ఒడ్డు తాకేముందు పడవ తిప్పినట్టు, నేల తాకేముందు కాలి పెడల్‌తో ముక్కు రన్‌వేకి తిన్నగా తిప్పి, గాలి వైపు రెక్క కాస్త దించాలి. ఆ వైపు చక్రం ముందు ఆనుతుంది, అది తప్పు కాదు.

అభ్యాసం ఎలా చేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ పాఠానికైనా వర్తిస్తుంది. సిమ్యులేటర్‌లో రన్‌వేకి 3 కిలోమీటర్ల దూరంలో విమానాన్ని గాలిలో నిలిపి, ఆ స్థితిని దాచుకోవచ్చు. అక్కణ్నుంచి నేలకు 90 సెకన్లు. అయిపోగానే మళ్లీ అక్కడే మొదలు. అరగంటలో ఇరవై సార్లు దిగవచ్చు. నిజం విమానంలో ప్రతిసారీ ఎగిరి చుట్టూ తిరిగి రావాలి, గంటకు పదిసార్లయినా గగనమే. కాని ఇరవై సార్లు ఊరికే దిగితే లాభం లేదు. ఒక సాయంత్రం వేగం ఒక్కటే చూసుకోవాలి. మర్నాడు నిలకడగా ఉన్న చోటు ఒక్కటే. గాలి లేకుండా మొదలుపెట్టి, తరవాత కొంచెం కొంచెం పెంచాలి. గడియారాల కేసి చూసే అలవాటు పోవడానికి నేను తెర కింది భాగాన్ని కాగితంతో మూసేశాను, ఇంజను చప్పుడు, బయటి దృశ్యం రెండే మిగిలాయి. రూళ్ల నోటుపుస్తకంలో ప్రతిసారీ మూడు అంకెలు రాస్తాను: రన్‌వే అంచు దగ్గర వేగం, తాకిన చోటు, కిందికి వేగం. మార్కులు వేసుకోవడానికి కాదు, రేపు ఏది చూసుకోవాలో తెలియడానికి.

ఇంకొక్కటి. దారి గాని వేగం గాని కుదరలేదనిపిస్తే, థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోసి, పైకి లేచి, చుట్టూ తిరిగి రావాలి. పైలట్ల బడిలో దీన్ని ఓటమి అనరు, దించడం ఎంత శ్రద్ధగా నేర్పుతారో దీన్నీ అంతే శ్రద్ధగా నేర్పుతారు. మన పిల్లలకు మనం ఈ పాఠం సరిగ్గా చెప్పడం లేదేమోనని నా అనుమానం. ఒక ఏడాది పరీక్ష కుదరనివాడు చుట్టూ తిరిగి వస్తున్నవాడే గాని, కూలిపోయినవాడు కాడు.

దీని హద్దులు కూడా చెప్పాలి. కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరూ పైలట్ కారు. కుర్చీ కదలదు, కడుపులో తిప్పినట్టుండదు, పక్కచూపుకు తెర చాలదు. పెద్ద విమానాలు తడి రన్‌వే మీద కావాలనే గట్టిగా దిగుతాయి, చక్రాలు నీటి మీద జారకుండా. కాబట్టి మీ విమానం కుదిపి దించిన పైలట్‌ను తిట్టుకోకండి. సరైన చోట, సరైన వేగంతో, రన్‌వే నడిమధ్య దిగడం మొదటిది, మెత్తదనం దాని తరవాతే.

ముగించే ముందు రెండు విన్నపాలు. మన సంఘం స్వర్ణోత్సవ నిధిలో కంప్యూటర్ గదికి కొంత కేటాయించారు. అందులో ఒక యంత్రానికి కావలసిన జాయ్‌స్టిక్, పెడల్స్, సాఫ్ట్‌వేర్ నా వంతుగా ఇస్తాను. నెలకో శనివారం వచ్చి కూర్చుంటాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు టాన్ తీటాను, గతిశక్తిని చేత్తో పట్టుకుని చూడవచ్చు. వచ్చేవాళ్లు సగం మంది ఆటకోసమే వస్తారు, రానివ్వండి.

రెండోది గురువులకు. ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లకీ పిల్లవాడికీ ఆ రంగు చుక్కల పరీక్ష చేయించండి. పది నిమిషాల పని. ఇలాంటి చూపున్న మగపిల్లలు ప్రతి బడిలో కొందరుంటారు, ఆడపిల్లల్లో బాగా తక్కువ. కొన్ని ఉద్యోగాలు వాళ్లకు ఉండవని పదిహేడో ఏట వైద్యుడి బల్లముందు కాక, పదకొండో ఏట మీ దగ్గరే తెలియాలి. తెలిసిన రోజే, ఆకు గోధుమరంగు వేశాడని నవ్వకుండా, వాడు దేన్ని పట్టుకుని నేర్చుకోగలడో మీరు చూపిస్తారు. అది మీకు కొత్త కాదు, మాకు మీరు చేసిందే.

 వంటవాళ్లు వడ్డనకు సిద్ధంగా ఉన్నారని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు.